డీఎఫ్‌ప్లేయర్ మినీ ఊనోతో సరిగ్గా పాడటం లేదా? ముందు ఊనోని తీసి పక్కన పెట్టండి

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెబుతాను, తర్వాత చెప్పేదంతా దీని మీదే. ఆర్డుయినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకి డీఎఫ్‌ప్లేయర్ మినీ, అంటే మెమరీ కార్డ్ నుంచి ఎంపీ3 పాడే చిన్న మాడ్యూల్ కలిపారు, 8 ఓమ్‌ల చిన్న స్పీకర్ పెట్టారు. తలుపుకి బిగించిన రీడ్ స్విచ్ (అయస్కాంతంతో పనిచేసే స్విచ్) తెరుచుకుంటే ఒక మాట, బటన్ నొక్కితే ఇంకో మాట వినపడాలి. కానీ ఒక్కోసారి మాడ్యూల్ అసలు మొదలవడం లేదు, సీరియల్ మానిటర్‌లో ఎర్రర్ వస్తోంది. మొదలైనప్పుడు ఒకటో ఫైల్ అడిగితే మూడోది పాడుతోంది. వాల్యూమ్ 20 దాటితే ఊనో రీసెట్ అవుతోంది. వీటికి తోడు స్పీకర్‌లో ఎప్పుడూ సన్నగా జుయ్ మనే శబ్దం. మాడ్యూల్‌తో మాట్లాడే రెడీమేడ్ కోడ్, అంటే లైబ్రరీలు, మూడు మార్చినా ఫలితం లేదు, మూడోదానితో వాల్యూమ్ పెట్టినా పెట్టనట్టే ఉంటోంది. వైరింగ్ బొమ్మ, మీ స్కెచ్ (ఊనోలో వేసిన ప్రోగ్రామ్) కూడా పంపారు. ముందు ముందు వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డుకి మారాలని కూడా ఉంది.

ఇది ఒక సమస్య కాదు, నాలుగు. నాలుగూ ఒకేసారి కనిపిస్తున్నాయి కాబట్టి ఒకటే అనిపిస్తోంది, అందుకే ఒకే మందు కోసం వెతుకుతున్నారు. వీటిలో మూడింటికి కోడ్‌తో సంబంధమే లేదు. నాలుగోది కూడా కోడ్‌లో ఒక్క మాట మారిస్తే సర్దుకునేదే. లైబ్రరీలు మార్చడం ఇక ఆపేయండి.

మొట్టమొదట ఊనోని పూర్తిగా తీసేయండి. ఈ మాడ్యూల్‌కి పాడటానికి మైక్రోకంట్రోలర్ అక్కర్లేదు. కార్డ్ చదవడం, ఎంపీ3ని డీకోడ్ చేయడం, స్పీకర్‌ని నడపడం అన్నీ తనే చేసుకుంటుంది. ఊనో చేసేది "ఫలానా ఫైల్ పాడు" అని చెప్పడం వరకే. ఊనోలోని ఏటీమెగా328పీ చిప్‌లో ఫ్లాష్ మెమరీ 32 కిలోబైట్లు. టెలిఫోన్ స్థాయి నాణ్యతతో, అంటే సెకనుకు 8000 శాంపిళ్లు, శాంపిల్‌కి ఒక బైట్ చొప్పున లెక్కేసినా మొత్తం మెమరీలో నాలుగు సెకన్ల మాట పడుతుంది, అది కూడా మీ ప్రోగ్రామ్‌కి చోటు వదలకుండా. అందుకే ఈ పనికి విడిగా మాడ్యూల్ పెట్టుకుంటాం.

మాడ్యూల్‌కి ఒక వైపు 8 పిన్‌లు, రెండో వైపు 8 పిన్‌లు ఉంటాయి. బోర్డు మీద అర్ధచంద్రాకారంలో చిన్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తు పైకి వచ్చేలా పట్టుకుంటే ఎడమవైపు పైనున్నది 1వ పిన్, అదే వీసీసీ, అంటే పవర్ పిన్. అక్కడి నుంచి కిందికి ఆర్‌ఎక్స్ (మాడ్యూల్ వినే పిన్), టీఎక్స్ (మాట్లాడే పిన్), డాక్ కుడి, డాక్ ఎడమ (ఆంప్లిఫయర్ గుండా పోని ఆడియో), స్పీకర్ 1, గ్రౌండ్, స్పీకర్ 2. కుడివైపు కింది నుంచి పైకి 9 మొదలు 16 దాకా. ఇందులో 9, 10, 11 పక్కపక్కనే ఉంటాయి, మధ్యలోని 10 గ్రౌండ్. పరీక్షకి ఇదే సుఖం. ఒక ఫోన్ ఛార్జర్ నుంచి 5 వోల్ట్‌లు 1వ పిన్‌కి, గ్రౌండ్ 7వ పిన్‌కి ఇవ్వండి. స్పీకర్ రెండు వైర్లు 6కి, 8కి. కార్డ్ పెట్టి, పవర్ ఇచ్చి, మూడు సెకన్లు ఆగండి. తర్వాత చిన్న వైర్ ముక్కతో 10, 11 పిన్‌లని టక్కున కలిపి వదిలేయండి. తర్వాతి పాట మొదలవ్వాలి. 10, 9 అలాగే కలిపితే ముందటి పాట. కలిపి అలాగే పట్టుకుంటే 11 వైపు వాల్యూమ్ పెరుగుతుంది, 9 వైపు తగ్గుతుంది.

పాడిందా? అయితే మాడ్యూల్, కార్డ్, స్పీకర్ మూడూ బాగున్నట్టే. ఇక గొడవ ఉన్నది ఊనోకీ దీనికీ మధ్యలో. పాడలేదా? అప్పుడు స్కెచ్‌లో ఎంత వెతికినా దొరికేది ఏమీ ఉండదు. కార్డ్ మార్చి చూడండి, స్పీకర్ వైర్లు చూడండి, పిన్‌లకి సోల్డర్ సరిగ్గా పట్టిందో లేదో చూడండి. ఈ పరీక్షకి పట్టే సమయం అయిదు నిమిషాలు. చాలామంది దీన్ని వదిలేసి రోజుల తరబడి కోడ్ దిద్దుకుంటూ కూర్చుంటారు.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. స్పీకర్ వైర్లలో ఏ ఒక్కదాన్నీ గ్రౌండ్‌కి కలపకండి. మాడ్యూల్ మీదున్న చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్‌ని రెండు కొసల నుంచీ నడుపుతుంది, ఒక కొస పైకి వెళ్తే రెండోది కిందికి వస్తుంది. ఒక కొసని గ్రౌండ్ చేస్తే ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌ని షార్ట్ చేసినట్టే. ఈ 6, 8 పిన్‌ల నుంచి ఇంకో ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కి ఇవ్వడం కూడా ఇదే కారణంగా తప్పు. బయటి ఆంప్లిఫయర్‌కి ఇవ్వాలంటే 4, 5 పిన్‌లు, అంటే డాక్ అవుట్‌పుట్‌లు ఉన్నాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలన్నా అవే.

ఇక రీసెట్ సంగతి. మీ ప్రశ్న మొత్తంలో అసలు విషయం ఇదే. వాల్యూమ్ 10లో బాగా పనిచేసి 20 దాటాక పడిపోతోందంటే, మీటర్ పెట్టకుండానే చెప్పొచ్చు, పవర్ సరిపోవడం లేదు. మాడ్యూల్ ఊరికే ఉన్నప్పుడు 20 మిల్లీఆంప్‌ల దగ్గర తీసుకుంటుంది, అది చూసి "ఇంత చిన్నదానికి ఊనో 5 వోల్ట్ పిన్ చాలదా" అనుకుంటాం. కానీ పాడేటప్పుడు లెక్క వేరు. 5 వోల్ట్‌లు 8 ఓమ్‌ల మీద పడితే ఓమ్ సూత్రం ప్రకారం శిఖరం దగ్గర దాదాపు 0.6 ఆంప్. 4 ఓమ్‌ల స్పీకర్ పెడితే దానికి రెట్టింపు. మాటలో "ట", "ప", "బ" వచ్చిన ప్రతిసారీ కరెంట్ ఒక్క ఉదుటున ఎగబాకి మళ్లీ తగ్గుతుంది. ఊనోలో యూఎస్‌బీ దారిలో ఉన్న ఫ్యూజ్ 500 మిల్లీఆంప్‌లది. అది తెగేలోపే సన్నటి జంపర్ వైర్లు, బ్రెడ్‌బోర్డ్ కాంటాక్ట్‌లు, పొడవాటి యూఎస్‌బీ కేబుల్ ఒక్కొక్కటీ కాస్త కాస్త వోల్టేజ్ తినేస్తాయి. ఆ లోయలో మాడ్యూల్ రీసెట్ అవుతుంది, లేదా ఊనో అవుతుంది, లేదా రెండూ. మల్టీమీటర్ ఈ లోయని పట్టుకోలేదు. అది సగటు చూపిస్తుంది కాబట్టి హాయిగా 4.9 అంటుంది, మీరు పవర్ బాగానే ఉందనుకుంటారు.

చేయాల్సింది ఇది. 470 మైక్రోఫారడ్, 10 వోల్ట్‌లు లేదా అంతకన్నా ఎక్కువ రేటింగ్ ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి తెచ్చి మాడ్యూల్ 1వ పిన్‌కీ 7వ పిన్‌కీ మధ్య పెట్టండి. చారతో మైనస్ గుర్తు ఉన్న కాలు గ్రౌండ్ వైపు. బ్రెడ్‌బోర్డ్ అవతలి కొసన పవర్ పట్టీలో పెడితే సగం ప్రయోజనం పోతుంది, మాడ్యూల్ కాళ్లకి ఆనుకునే ఉండాలి. పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కూడా పెడితే మంచిది. చాలాసార్లు దీంతోనే రీసెట్‌లు ఆగిపోతాయి.

ఆగకపోతే మాడ్యూల్‌కి విడిగా 5 వోల్ట్ అడాప్టర్ ఇవ్వండి, ఊనో యూఎస్‌బీ మీదే ఉండనివ్వండి. రెండింటి గ్రౌండ్‌లూ మాత్రం తప్పకుండా కలపాలి. గ్రౌండ్ కలపకపోతే సీరియల్ సిగ్నల్‌కి ఆధారమే ఉండదు, ఒకసారి పనిచేసి ఒకసారి చేయదు. అంతా తయారై డబ్బాలో బిగించేటప్పుడు అదే అడాప్టర్ నుంచి ఊనో 5 వోల్ట్ పిన్‌కి కూడా ఇవ్వొచ్చు, కానీ అప్పుడు యూఎస్‌బీ కేబుల్ తగిలించకండి. రెండు 5 వోల్ట్ సప్లైలు ఒకదాన్నొకటి తోసుకోవడం మంచిది కాదు. 9 వోల్ట్‌ల చదరపు బ్యాటరీ పెడదామని కొందరు అంటారు, దాని జోలికే వెళ్లకండి. ఆ బ్యాటరీ ఇంత కరెంట్ ఇవ్వలేదు, పైగా ఊనోలోని రెగ్యులేటర్ మిగతా 4 వోల్ట్‌లనీ వేడిగా వదిలేస్తుంది. 300 మిల్లీఆంప్‌ల దగ్గర అది 1.2 వాట్‌లు. ఊనో 3.3 వోల్ట్ పిన్ నుంచి మాడ్యూల్ నడపడం కూడా ఈ కోవలోదే. వోల్టేజ్ డేటాషీట్ (మాడ్యూల్ వివరాల పత్రం) పరిధిలోనే ఉంటుంది గానీ ఆ పిన్ ఇచ్చే కరెంట్ 50 మిల్లీఆంప్‌లే.

ఇప్పుడు జుయ్ శబ్దం. మీ బొమ్మలో ఊనో 11వ పిన్ నుంచి వైర్ నేరుగా మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కి వెళ్లింది. మధ్యలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఉండాలి. మాడ్యూల్ లోపలి లాజిక్ 3.3 వోల్ట్‌లది, ఊనో పంపేది 5. ఆ ఎక్కువ వోల్టేజ్ ఆర్‌ఎక్స్ పిన్ లోపలి రక్షణ డయోడ్ గుండా చిప్ సప్లైలోకి చొరబడుతుంది, అదే సప్లై మీద ఆడియో కూడా నడుస్తోంది కాబట్టి స్పీకర్‌లో వినిపిస్తుంది. రెసిస్టర్ ఈ చొరబాటుని బాగా తగ్గిస్తుంది. మాడ్యూల్‌కి పవర్ లేకపోయినా లైట్ మసగ్గా వెలుగుతోందని ఎవరైనా చెబితే అది కూడా ఈ దారినే, డేటా వైర్ నుంచి కరెంట్ తాగుతోంది.

రెసిస్టర్ పెట్టాక కూడా శబ్దం ఉంటే, ఆర్‌ఎక్స్ వైర్ పీకేసి వినండి. పోయిందా, సీరియల్ వైపు నుంచి వస్తున్నట్టు. పోలేదా, పవర్ నుంచి. అప్పుడు వీసీసీ దారిలో 1ఎన్4007 డయోడ్ ఒకటి వరసగా పెట్టి చూడండి. దాని మీద 0.7 వోల్ట్‌లు పోయి మాడ్యూల్‌కి 4.3 అందుతుంది. డేటాషీట్ పరిధి 3.2 నుంచి 5 వోల్ట్‌లు, మామూలుగా 4.2 అని ఉంటుంది, అంటే మనం నేరుగా ఇచ్చే 5 దాని పైఅంచున ఉంది. చెవి స్పీకర్‌కి ఆనిస్తే మాత్రమే వినపడే సన్నటి బుస మిగిలితే దాన్ని వదిలేయండి. అది ఆంప్లిఫయర్ స్వభావం, తలుపు దగ్గర మాట్లాడే పరికరానికి అంతకన్నా నిశ్శబ్దం అక్కర్లేదు.

పిన్‌ల తిరగమరగ సంగతి కూడా చూసుకోండి. లైబ్రరీతో వచ్చే ఉదాహరణలో సాఫ్ట్‌వేర్‌సీరియల్‌కి (మామూలు పిన్‌లతో సీరియల్ నడిపే కోడ్) 10, 11 అని ఇస్తారు. మొదటిది ఊనో వినే పిన్, రెండోది మాట్లాడే పిన్. కాబట్టి మాడ్యూల్ టీఎక్స్ ఊనో 10కి, ఊనో 11 రెసిస్టర్ గుండా మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కి. 0, 1 పిన్‌లు వాడకండి. ఊనోలో అవి యూఎస్‌బీ చిప్‌తో పంచుకున్నవి, స్కెచ్ అప్‌లోడ్ చేసేటప్పుడు అడ్డొస్తాయి, మీరు మానిటర్‌కి రాసే ప్రతి అక్షరమూ మాడ్యూల్‌కి కూడా చేరుతుంది.

ఒకటి అడిగితే మూడు పాడటం పూర్తిగా కార్డ్ గొడవ. "ఒకటో ట్రాక్ పాడు" అన్న మామూలు కమాండ్‌కి మాడ్యూల్ ఫైల్ పేరు చూడదు. కార్డ్ మీద ఫైళ్ల పట్టికలో ఏది ముందు నమోదైందో దాన్నే ఒకటి అంటుంది. మీరు 0003ని ముందు కాపీ చేసి తర్వాత 0001ని వేస్తే, దాని దృష్టిలో 0003యే ఒకటి. మధ్యలో ఒకటి చెరిపి ఇంకోటి వేస్తే కొత్తది పాత ఖాళీలోకి వెళ్లి కూర్చుంటుంది, వరస ఇంకా కలగాపులగం అవుతుంది. మ్యాక్ కంప్యూటర్‌లో కాపీ చేసేవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. ప్రతి పాటకీ చుక్కతో మొదలయ్యే దాచిన ఫైల్ ఒకటి అదనంగా పడుతుంది, మాడ్యూల్ దాన్ని కూడా లెక్కపెడుతుంది. ఒకటి, మూడు, అయిదు పాడి రెండు, నాలుగు మౌనంగా ఉంటే కారణం అదే అయి ఉంటుంది. కార్డ్ తీసే ముందు ఆ దాచిన ఫైళ్లు చెరిపేయాలి.

వరస మీద ఆధారపడకుండా పేరు మీద ఆధారపడే పద్ధతి ఉంది, మొదటి నుంచీ అదే అలవాటు చేసుకోండి. కార్డ్ మూలంలో ఎంపీ3 అని చిన్న ఇంగ్లీషు అక్షరాల పేరుతో ఫోల్డర్ చేసి, అందులో ఫైళ్లకి 0001, 0002 అని నాలుగంకెల పేర్లు పెట్టండి. లైబ్రరీలో మామూలు ప్లే ఫంక్షన్ బదులు ఎంపీ3 ఫోల్డర్ నుంచి పాడించే ఫంక్షన్ పిలవండి. అప్పుడు 1 అంటే 0001 అనే పేరున్న ఫైలే, ఎప్పుడు కాపీ చేసినా సరే. నాలుగంకెల తర్వాత ఏమైనా రాసుకోవచ్చు, 0001 పక్కన తలుపు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రేపు మీకే గుర్తుంటుంది. ఎక్కువ ఫైళ్లు ఉండి గుంపులుగా విడదీయాలంటే 01, 02 అని రెండంకెల ఫోల్డర్లు, వాటిలో 001, 002 అని మూడంకెల ఫైళ్లు. ఒక్కో ఫోల్డర్‌లో 255 దాకా పడతాయి. అంకెల సంఖ్య పద్ధతికో రకంగా ఉండటం చిరాకే, కానీ అది చిప్ తయారు చేసినవాళ్ల నిర్ణయం.

కార్డ్ 32 జీబీ దాటకూడదు, ఫ్యాట్16 లేదా ఫ్యాట్32లో ఉండాలి. 64 జీబీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ అయి వస్తాయి, వాటిని ఈ మాడ్యూల్ చదవదు. మీ అవసరానికి చిన్న కార్డే నయం, మొదలవడం కూడా త్వరగా అవుతుంది. పాతది ఏదైనా వాడుతుంటే ఒకసారి పూర్తిగా ఫార్మాట్ చేసి ఫైళ్లు కొత్తగా వేయండి. ఇలా చేస్తేనే తీరిపోయే వింత సమస్యలు చాలా ఉన్నాయి.

మొదలవకపోవడం గురించి. పవర్ ఇచ్చాక మాడ్యూల్ కార్డ్‌ని చదివి సిద్ధమవడానికి ఒకటిన్నర నుంచి మూడు సెకన్లు పడుతుంది, ఫైళ్లు ఎక్కువైతే ఇంకాస్త. ఊనో మాత్రం దానికన్నా ముందే లేచి కమాండ్‌లు మొదలుపెడుతుంది. వినేవాడు ఇంకా నిద్ర లేవలేదు. స్కెచ్ మొదట్లో ఒక్కసారే నడిచే సెటప్ భాగంలో, లైబ్రరీని మొదలుపెట్టే ముందు మూడు సెకన్లు ఆగండి. తర్వాత, డీఎఫ్‌రోబాట్ లైబ్రరీలో బిగిన్ ఫంక్షన్‌కి సీరియల్ పేరు తర్వాత ఇంకో రెండు విలువలు ఇవ్వొచ్చు. ఒకటి ప్రతి కమాండ్‌కీ జవాబు అడగాలా వద్దా, రెండోది మొదట్లో మాడ్యూల్‌ని రీసెట్ చేయాలా వద్దా. ఏమీ ఇవ్వకపోతే రెండూ అవును. జవాబు అడిగితే మాడ్యూల్ టీఎక్స్ వైర్ పక్కాగా ఉండాలి, మాడ్యూల్ ఆ జవాబు సరైన పద్ధతిలో పంపాలి. మొదటి విలువకి ఫాల్స్, అంటే వద్దు అని ఇచ్చి చూడండి. నేను పైన ఒక్క మాట అన్నది ఇదే. ఒకే వైర్‌తో, అంటే ఆర్‌ఎక్స్ మాత్రమే కలిపి నడిపేవాళ్లకి ఇది తప్పనిసరి, లేకపోతే బిగిన్ ఎప్పటికీ సఫలం కాదు. కానీ ఒకటి గుర్తుంచుకోండి, ఫాల్స్ ఇచ్చాక బిగిన్ ఎప్పుడూ సఫలమైనట్టే చెబుతుంది. మాడ్యూల్ పీకేసినా సరే. అది చూసి అంతా బాగుందని అనుకోకండి.

మాడ్యూల్ సరైన పద్ధతిలో పంపాలి అన్నాను కదా, దాని వెనక కథ ఉంది. డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే పేరుతో దొరికే బోర్డులన్నీ ఒకటి కావు. పెద్ద నల్లటి చిప్ మీద రాసింది భూతద్దంతో చదవండి. వైఎక్స్5200 అని ఉండొచ్చు, ఎంహెచ్2024కె అని ఉండొచ్చు, జీడీ3200బీ అని ఉండొచ్చు. పాడమంటే అన్నీ పాడతాయి. తేడా వచ్చేది తిరిగి మాట్లాడేటప్పుడు. పాట అయిపోయిందని చెప్పే సందేశం కొన్ని ఒకసారి పంపితే కొన్ని రెండుసార్లు పంపుతాయి, ఫైళ్లెన్ని అని అడిగితే కొన్ని పొంతన లేని అంకె ఇస్తాయి. అందుకే నా పద్ధతి ఏమిటంటే, దానికి చెప్పడం వరకే, దాని మాట మీద ఆధారపడటం ఉండదు. పాడుతోందా లేదా అన్నది తెలియాలంటే 16వ పిన్, బిజీ అనేది ఉంది. పాడుతున్నంతసేపూ అది "లో" (తక్కువ వోల్టేజ్), ఊరుకుంటే "హై" (ఎక్కువ వోల్టేజ్). దాన్ని ఊనోలో ఒక డిజిటల్ పిన్‌కి కలిపితే సందేశాల గొడవే లేదు.

లైబ్రరీ మీద అనుమానం పూర్తిగా తీరాలంటే అది లేకుండానే ఒకసారి మాట్లాడి చూడండి. కష్టమేమీ లేదు, ప్రతి కమాండ్ 10 బైట్లు, వేగం 9600. డేటాషీట్‌లో ఈ బైట్లు హెక్స్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో) ఉంటాయి, నేను మామూలు అంకెల్లో రాస్తున్నాను, ఆర్డుయినోకి రెండూ ఒకటే. వాల్యూమ్ 20 పెట్టాలంటే 126, 255, 6, 6, 0, 0, 20, 254, 225, 239. ఎంపీ3 ఫోల్డర్‌లో 0001 పాడాలంటే 126, 255, 6, 18, 0, 0, 1, 254, 232, 239. మొదటి 126, చివరి 239 ఎప్పుడూ మారవు, అవి మొదలూ ముగింపూ. రెండోది వెర్షన్, మూడోది పొడవు, నాలుగోది కమాండ్, అయిదోది జవాబు కావాలా అన్నది, తర్వాతి రెండు దాని వివరం. మిగిలిన రెండూ చెక్‌సమ్, అంటే కమాండ్ సరిగ్గా చేరిందా అని సరిచూసే అంకె. రెండో బైట్ నుంచి ఏడో బైట్ దాకా కూడి 65536 నుంచి తీసేయాలి. వాల్యూమ్ కమాండ్‌కి కూడిక 287, తీసేస్తే 65249. దాన్ని 256తో భాగిస్తే భాగఫలం 254, శేషం 225. అంతే. ఈ 10 బైట్లనీ ఒక అరేలో (వరస జాబితాలో) పెట్టి సీరియల్‌కి రాసే రైట్ ఫంక్షన్‌తో పంపండి. రెండు కమాండ్‌ల మధ్య 100 మిల్లీసెకన్లు వదలండి, వెంటవెంటనే తోస్తే రెండోది మింగేస్తుంది. మీ మూడో లైబ్రరీలో వాల్యూమ్ పెట్టినా పెట్టనట్టే ఉంటోందన్నారు, బహుశా అక్కడ జరుగుతున్నది ఇదే.

ఇది పనిచేశాక మీకు ఇంకో సమస్య రాబోతోంది, ముందే చెబుతున్నా. మీ స్కెచ్‌లో లూప్ తిరిగిన ప్రతిసారీ తలుపు తెరిచి ఉందా అని చూసి, ఉంటే ప్లే అంటున్నారు. లూప్ సెకనుకి వేలసార్లు తిరుగుతుంది. మాడ్యూల్ ప్రతి ప్లే కమాండ్‌కీ ఫైల్‌ని మొదటి నుంచి ఎత్తుకుంటుంది. ఫలితంగా "తలుపు తెరిచి ఉంది" అనాల్సింది "త, త, త, త" అని నత్తిగా కొట్టుకుంటుంది, లేదా అసలు గొంతే రాదు. తలుపు ఉన్న స్థితిని చూడకండి, మారిన క్షణాన్ని పట్టుకోండి. పోయినసారి మూసి ఉంది, ఇప్పుడు తెరిచి ఉంది, అప్పుడు మాత్రమే ఒక్కసారి ప్లే. రీడ్ స్విచ్ కలిసేటప్పుడు, విడిపోయేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు కొట్టుకుంటుంది కాబట్టి మార్పు కనిపించాక 50 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చదివి ఖాయం చేసుకోండి. ఇంకో పాట నడుస్తుండగా అడ్డు రాకూడదంటే బిజీ పిన్ చూడండి, కానీ ప్లే చెప్పిన మరుక్షణమే అది "లో" అవదు. 200 మిల్లీసెకన్లు ఇచ్చి అప్పుడు చదవండి.

ఎప్పుడూ సన్నగా సంగీతం వినిపిస్తూ తలుపు తెరిచినప్పుడు మధ్యలో మాట చెప్పి మళ్లీ సంగీతం అందుకోవాలని ఎప్పుడైనా అనిపిస్తే, దానికి అడ్వర్ట్ అనే పేరుతో ఫోల్డర్ పెట్టి 19వ కమాండ్ వాడతారు. సంగీతం నడుస్తున్నప్పుడే అది పనిచేస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు పిలిస్తే పలకదు.

ఫైళ్ల గురించి కూడా కాస్త. మాటలే కాబట్టి మోనో చాలు, 44.1 కిలోహెర్ట్జ్, సెకనుకి 128 కిలోబిట్‌ల స్థిరమైన రేట్. ఆల్బమ్ బొమ్మలూ అవీ ఫైల్‌లో ఉంటే తీసేయండి. ఎంపీ3 పద్ధతే మొదట్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరుస్తుంది, బటన్ నొక్కగానే టక్ అనాల్సిన శబ్దాలకి అది తెలుస్తుంది, అలాంటివి వేవ్ ఫైల్‌గా పెట్టుకోండి. అన్నిటికన్నా లాభం ఇచ్చే పని ఇంకోటి. ఫైల్‌ని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో తెరిచి 200 హెర్ట్జ్‌ల కన్నా కింద ఉన్నదంతా హైపాస్ ఫిల్టర్‌తో కోసేయండి, తర్వాత నార్మలైజ్ చేయండి. మీ చిన్న స్పీకర్ ఆ మంద్ర స్వరాలని ఎలాగూ పలికించలేదు, ఊరికే రేకు ఊగుతుంది, కరెంట్ ఖర్చవుతుంది, గొంతు పగిలినట్టు వస్తుంది. అవి తీసేస్తే వాల్యూమ్ 18 దగ్గరే మాట ఇదివరకు 25 దగ్గర వినిపించినంత స్పష్టంగా ఉండొచ్చు, రీసెట్‌ల బెడదా ఆ మేరకు తగ్గుతుంది. స్పీకర్‌ని టేబుల్ మీద అలా ఉత్తగా వదిలేయకుండా ఏదైనా మూసిన డబ్బాకి బిగించండి. ముందు వైపు గాలీ వెనక వైపు గాలీ కలిసిపోతే సగం శబ్దం అక్కడే చచ్చిపోతుంది.

ఈఎస్‌పీ32కి మారితే చాలావరకు సుఖమే. దానికి నిజమైన సీరియల్ పోర్టులు మూడు ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌సీరియల్ అవసరం లేదు. లాజిక్ కూడా 3.3 వోల్ట్‌లే కాబట్టి స్థాయి గొడవ లేదు, అయినా ఆ 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఉండనివ్వండి. పవర్ మాత్రం దాని 3.3 వోల్ట్ పిన్ నుంచి తీసుకోకండి, 5 వోల్ట్ లేదా విన్ పిన్ నుంచి, కెపాసిటర్‌తో. వైఫై కూడా ఉదుటున కరెంట్ లాగుతుంది కాబట్టి అక్కడ కెపాసిటర్ అవసరం ఇంకా ఎక్కువ. రెండో సీరియల్‌ని మొదలుపెట్టేటప్పుడు వేగం, ఫార్మాట్‌తో పాటు పిన్‌లు 16, 17 అని మీరే స్పష్టంగా రాయండి. డిఫాల్ట్ పిన్‌లు ఆర్డుయినో కోర్ వెర్షన్‌ని బట్టి మారాయి, పాత ఉదాహరణ కొత్త కోర్‌లో పలకకపోవడానికి అదొక కారణం. బోర్డు మీది లోహపు డబ్బా పైన రోవర్ అని ఉంటే 16, 17 వాడకండి, వాటిని లోపలి అదనపు ర్యామ్ తీసుకుంటుంది. అప్పుడు 25, 26 ఇచ్చుకోండి.